ఆదర్శం అనే మాటకు ఖర్చు ఎవరిది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



విద్యార్థులకు సందేశం ఇవ్వమని సంఘం వాళ్ళు నాకు చెప్పారు. నేను సాగునీటి పనుల్లో ముప్ఫై ఏండ్లుగా ఉన్న ఇంజనీరును. కాల్వకు వాలు ఎంత పెట్టాలో అడిగితే చెప్పగలను. సందేశం ఇచ్చేంత పెద్దవాణ్ణి కాను. అందుకని సందేశం పక్కన పెట్టి, ఈ సభలో పొద్దటి నుంచి మనం వాడుతున్న కొన్ని మాటల గురించి మాట్లాడుతాను. ‘ఆదర్శం’ అనే మాట ఇప్పటికి 17 సార్లు విన్నాను. నవ్వకండి, లెక్క పెట్టుకోవడం మా వృత్తిలో అలవాటు. ‘ఆశయం’ 9 సార్లు, ‘తపన’ 6 సార్లు, ‘అంకితభావం’ 5 సార్లు వచ్చాయి. ‘పిచ్చి’ అనే మాట మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. కానీ ఇవాళ శాలువాలు కప్పించుకున్న వాళ్ళందరినీ ఏదో ఒక కాలంలో ఎవరో ఒకరు ఆ మాటతో పిలిచే ఉంటారు. నా అనుమానం అక్కడి నుంచే మొదలైంది.

ముందు ‘ఆదర్శం’ సంగతే చూద్దాం. సంస్కృతంలో ఆ మాటకు ఉన్న పాత అర్థం అద్దం. మనం ముఖం చూసుకునే అద్దమే. చూసి దిద్దుకోవడానికి పనికొచ్చేది కాబట్టి, క్రమంగా ‘చూసి నేర్చుకోదగ్గది’ అనే అర్థం వచ్చింది. ఇప్పుడు మనం ఆ అద్దాన్ని ఫోటో చేసేశాం. గోడకు తగిలించి దండ వేస్తే ఫోటో. ఎదురుగా నిలబడి మన ముఖం చూసుకుంటే అద్దం. ఆదర్శ గ్రామం, ఆదర్శ పాఠశాల, ఆదర్శ రైతు, ఆదర్శ దంపతులు అని బోర్డుల మీద రాసుకోవడం మొదలైన తర్వాత ఆ మాటలో ముఖం కనబడటం తగ్గింది.

ఇక మనిషి లోపల పుట్టే వేడికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో చూడండి. ‘ఆవేశం’ ఉంది. ‘ప్రవేశం’ ఏ ధాతువు నుంచి వచ్చిందో ఇదీ అక్కడి నుంచే వచ్చింది. ఏదో ఒకటి లోపలికి దూరడం అన్నమాట. ‘పూనకం’ ఉంది. ఏడుపాయల జాతరలోనో, ఊరి బోనాలప్పుడో అమ్మవారు ఒంటి మీదికి వస్తే పూనకం అంటాం, శిగం ఊగుతున్నది అంటాం. మన బజారులో ఉర్దూ కూడా ఉంది కనుక ‘జునూన్’ తెలుసు. ఆ మాట జిన్ను అనే మాటకు చుట్టం. జిన్ను పట్టిన వాడి స్థితి జునూన్. ‘జోష్’ అంటే ఫారసీలో మరగడం, పొంగడం. ఇంగ్లీషు వాళ్ళ ‘ఎంథూసియాజం’ గ్రీకు నుంచి వచ్చింది, లోపల దేవుడు ఉండటం అని దాని అర్థం. సముద్రాల అవతలి మాట, మన జాతరలో మాట, రెండూ ఒకే దృశ్యాన్ని చెప్తున్నాయి. మనిషి తన సొంత లాభం మరచి ఒక పనికి తెగబడితే, అది అతని పని కాదు, ఎవరో లోపల దూరి చేయిస్తున్నారని లోకం అనుకుంది.

అలా అనుకోవడంలో గౌరవం ఉంది, భయమూ ఉంది. పూనకం వచ్చిన మనిషికి దండం పెడతాం, కానీ రెండడుగులు దూరంగా నిలబడతాం. ఇంగ్లండులో కూడా 17, 18వ శతాబ్దాల్లో ‘ఎంథూసియాస్ట్’ అంటే పొగడ్త కాదు, తిట్టు. దేవుడు నాతో నేరుగా మాట్లాడుతున్నాడని ఊగిపోయే వాళ్ళను పరువు గల పెద్దమనుషులు ఆ మాటతో వెక్కిరించేవారు. తర్వాత తర్వాత అదే మాట ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మెచ్చుకోలు అయింది. అంటే ఈ మాటలు స్థిరంగా ఒకచోట ఉండవు. ఎవరు, ఎవరిని, ఎప్పుడు అంటున్నారన్న దాన్ని బట్టి తిట్టు పొగడ్త అవుతుంది, పొగడ్త తిట్టు అవుతుంది.

మనది సరిహద్దు ప్రాంతం. ఒక దిక్కు కన్నడం, ఒక దిక్కు మరాఠీ, సంతలో ఉర్దూ, తండాలో లంబాడీ. ఇది మనకు లాభం, ఎందుకంటే పక్కవాడి మాట పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. మరాఠీలో ‘ధ్యేయవేడా’ అనే మాట ఉంది. ధ్యేయం అంటే లక్ష్యం, వేడా అంటే పిచ్చివాడు. లక్ష్యం కోసం పిచ్చివాడైన వాడు అని. వాళ్ళు దాన్ని గౌరవంగా వాడతారు, సన్మాన పత్రంలో రాస్తారు. మనం ‘పిచ్చి’ని సన్మాన పత్రంలో రాయం. బతికి పనిచేస్తున్నంత కాలం పిచ్చి అంటాం, పదవీ విరమణ రోజున ఆదర్శం అంటాం. మరాఠీ వాళ్ళు ఆ రెండింటినీ ఒకే మాటలో కలిపేసి నిజాయితీగా ఉన్నారేమో అనిపిస్తుంది.

నేను చెప్పేది మీలో చాలామందికి తెలిసిన సంగతే. 1980ల మొదట్లో మనకు లెక్కలు చెప్పిన సారు ఒకరుండేవారు. పేరు చెప్పను, చెప్పకపోయినా ఇక్కడ సగం మందికి ఆయన నడక కళ్ళ ముందు మెదులుతుంది. వేరే జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పదో తరగతి పిల్లలను రాత్రి బడి వరండాలోనే పడుకోబెట్టి చదివించేవారు. కరెంటు ఉండీ లేనట్టే, కాబట్టి కందిళ్ళు. ఆ కిరోసిన్ ఆయన జీతంలోంచి వచ్చేది. బడి మానిన ఆడపిల్లల ఇండ్లకు పోయి, వాళ్ళ నాయనలతో గంటలు గంటలు మాట్లాడేవారు. రచ్చబండ దగ్గర కూర్చున్న వాళ్ళలో కొందరు ఆయనకు పెట్టిన పేరు ‘పిచ్చి సారు’. “ఆయనకు పగలు సాలదా, రాత్రి గూడ బడేనా?” అనేవారు. ఇంకొందరు కొంచెం మర్యాదగా “సారుకు చాదస్తం ఎక్కువ” అనేవారు. ఈ చాదస్తం కూడా చిత్రమైన మాట. ఛందస్సు అంటే వేదం, వేదం చదివినవాడు ఛాందసుడు. చదివిన దాన్ని చదివినట్టే పాటించేవాణ్ణి చూసి మనం నవ్వి నవ్వి, ఆ నవ్వుకే చాదస్తం అని పేరు పెట్టుకున్నాం.

ఇరవై ఏండ్ల తర్వాత మా బ్యాచి వాళ్ళం నారాయణఖేడ్‌లో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని ఆ సారును పిలిచి సన్మానం చేశాం. వెనుక పెద్ద ఫ్లెక్సీ, దాని మీద ‘ఆదర్శ ఉపాధ్యాయుడు’. సారు అదే మనిషి. చేసిన పని కూడా అదే. మారినది మాట ఒక్కటే. ఎందుకు మారిందని నేను చాలాసార్లు ఆలోచించాను. కిరోసిన్ కాలుతున్నప్పుడు ఆ పని ఊరిని కూడా ఏదో ఒకటి అడుగుతున్నది. నీ బిడ్డను బడికి పంపు అని అడిగింది, నీ కొడుకును పొలం పనికి పిలవకు అని అడిగింది. అడుగుతున్నంత కాలం పిచ్చి. అడగడం ఆగిపోయి, ఫలితం మాత్రం మిగిలాక ఆదర్శం. అంటే ఆ మాటలు సారు గురించి చెప్పేది తక్కువ. అనేవాళ్ళ గురించి చెప్పేదే ఎక్కువ.

అదే సభలో ఇంకో సంగతి జరిగింది. చివరికి అమ్మను కూడా, అంటే సారు భార్యను, రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె మైకు తీసుకోలేదు. పక్కన ఉన్న నాతో మెల్లగా, “అందరు సారును మెచ్చుకుంటున్నరు బిడ్డా, సంతోషం. మీకు రాత్రి రొట్టెలు చేసింది నేనే గద” అన్నారు. కోపంగా అనలేదు, నవ్వుకుంటూ అన్నారు. వరండాలో పడుకున్న పిల్లల్లో దూరం తండాల నుంచి వచ్చి సద్ది తెచ్చుకోలేని వాళ్ళుండేవారు. వాళ్ళకు జొన్నరొట్టె, పచ్చిపులుసు ఆమె ఇంటి నుంచే వచ్చేవి. ఆ పిండి లెక్క ఏ సన్మాన పత్రంలోనూ లేదు. ఆమెకు మనం పిచ్చి అనీ పేరు పెట్టలేదు, ఆదర్శం అనీ పేరు పెట్టలేదు. అసలు ఏ మాటా ఇవ్వలేదు. మాట దొరకని వాళ్ళ ఖర్చు లెక్కలోకి రాదు.

ఇది మన ఒక్క సారు ఇంటి సంగతి అనుకోవద్దు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. సమాజం వెలివేస్తే వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారు. అప్పుడు గోదావరి నుంచి నీళ్ళు మోసింది, వంట చేసింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. సంస్కర్త అన్న మాట ఆయనకు దక్కింది, దక్కవలసిందే. కానీ ఆ మాట బరువును బిందెల్లో మోసిన వాళ్ళు ఇంకొకరున్నారు.

అదే కాలంలో ఆ మాటలు ఇంకో నోటిలో ఎలా పలికాయో గురజాడ అప్పారావు గారు ‘కన్యాశుల్కం’లో చూపించారు. ఆ నాటకం 1897లో మొదట అచ్చయింది, తిరగరాసిన ప్రతి 1909లో వచ్చింది. అందులో గిరీశానికి సంస్కరణ మాటలన్నీ నోటికి వచ్చు. వితంతు వివాహం మీద ఎంతసేపైనా మాట్లాడగలడు, వేశ్యల ఇంటికి పోకూడదనీ చెప్పగలడు. వీరేశలింగం గారు వాడిన మాటలకూ గిరీశం వాడిన మాటలకూ నిఘంటువులో తేడా దొరకదు. వింటున్న వాళ్ళకూ చాలాసేపు దొరకదు. తేడా అంతా ఖర్చులో ఉంది. ఒకరి మాటకు ఇల్లంతా వెల చెల్లించింది. ఇంకొకరి మాటకు పక్కవాళ్ళు చెల్లించారు, ఆయన చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. కాబట్టి ఎవరైనా ఆవేశంగా మాట్లాడితే, ఆ మాట గొప్పదా కాదా అని తూకం వేయడం కంటే, దీనికి వెల ఎవరు కడుతున్నారు, ఎంతకాలం కడతారు అని అడగడం మంచిది. ఈ రెండు ప్రశ్నలే నా ప్రసంగం మొత్తం. మిగతాదంతా ఉదాహరణలే.

మా ఉద్యోగంలోంచి ఒకటి చెప్తాను. చాలా ఏండ్ల కింద నేను పనిచేసిన ఒక చోట కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజనీరు ఒక కుర్రవాడుండేవాడు. కాంక్రీటు పోసినప్పుడు నమూనాగా చిన్న దిమ్మెలు తీసి, 7వ రోజు, 28వ రోజు వాటిని నొక్కి బలం చూస్తాం. ఒకసారి ఆ దిమ్మెలు నిలబడలేదు. పోసిన దాన్ని తీసి మళ్ళీ పోయించాలని అతను పట్టుబట్టాడు. అప్పుడు వినబడిన మాటలు రాసిపెట్టుకోవలసినవి. “కొత్త రక్తం, ఆవేశం ఉంటది, రెండేండ్లల్ల చల్లబడతది.” “మనిషి మంచోడే గాని ప్రాక్టికల్ కాదు.” “సిన్సియర్ ఫెలో పాపం.” ఇందులో తిట్టు ఒక్కటీ లేదు, గమనించండి. అన్నీ మెచ్చుకోలు లాగే ఉన్నాయి. ‘పాపం’ అనే మాట ఒక్కటి చేర్చితే చాలు, నిజాయితీ జబ్బు అయిపోతుంది. అతను చేసింది ఆవేశం కాదు, పుస్తకంలో రాసి ఉన్న పరీక్ష. నియమం పాటించడాన్ని కూడా ఆవేశం అని పిలవవలసి వచ్చిందంటే, అక్కడ చల్లబడింది కాంక్రీటు ఒక్కటే కాదు.

ఇట్లాంటి మాటలు ఇంకా ఉన్నాయి. ‘కొత్త మోజు’ అంటాం. మౌజ్ అంటే ఉర్దూలో అల. అల కదా, వచ్చింది పోతుంది అని మన ధీమా. ‘షోకు’ అంటాం. అరబ్బీ, ఫారసీల్లో అది ‘షౌక్’, ఒక దాని కోసం మనసు తహతహలాడటం. మన దగ్గరికి వచ్చేసరికి పౌడరు, ఇస్త్రీ బట్టలు అయింది. ‘జిద్దు’ అంటాం. ఉన్నవాడు జిద్దు పడితే పట్టుదల, లేనివాడు పట్టుదల పడితే జిద్దు. మగపిల్లవాడు చదువుతానంటే తపన, ఆడపిల్ల చదువుతానంటే మొండితనం. పని ఒకటే, మనిషిని బట్టి మాట. ముందు కూర్చున్న పిల్లలు ఈ పట్టిక గుర్తు పెట్టుకోవాలి, పరీక్షలో రాదు కాని బతుకులో వస్తుంది.

ఇంతవరకు మాటలను నిందించాను. కానీ మన భాష అంత పేదది కాదు. పూనకం అన్నాను కదా, దాని తోబుట్టువు ఒకటుంది, ‘పూనిక’. రెండూ ‘పూను’ అనే ఒకే క్రియ నుంచి వచ్చాయి. పాత తెలుగులో బండికి ఎద్దులను కట్టడాన్ని ‘పూన్చడం’ అంటారు. ఒక పనికి పూనుకున్నాడు అంటే, ఆ పని కాడి కిందికి తన మెడ తానే పెట్టాడని. పూనకంలో ఎవరో మనల్ని పట్టుకుంటారు. పూనికలో మనమే పనిని పట్టుకుంటాం. పూనకం గంటలో దిగిపోతుంది, మనిషికి ఏమీ గుర్తుండదు. పూనికలో రోజూ పొద్దున లేచి మళ్ళీ కాడి ఎత్తుకోవాలి. పూనకం లేకుండా పూనిక పుట్టడం కష్టమే, కానీ పూనకంతోనే ఆగిపోతే జాతర మాత్రమే మిగులుతుంది.

దీనికి పుస్తకాల్లో వెతకనక్కర లేదు, మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనిలో సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆడపిల్లల చదువు కోసం జీవితమంతా పనిచేసిన ధోండో కేశవ కర్వే గారు అధ్యక్షులు. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడటం మొదలుపెడితే కొందరు శ్రోతలు గోల చేసి మాట్లాడనివ్వలేదు. సంస్కరణ కోసమే పెట్టిన సభలో ఆ అవమానం జరిగింది. ఆ రాత్రి కొందరు తెలుగువాళ్ళు ఒకచోట కూర్చున్నారు. తప్పకుండా రక్తం మరిగే ఉంటుంది. దాన్ని ఆవేశం అనవచ్చు, పూనకం అనవచ్చు. కానీ వాళ్ళు ఆ రాత్రి చేసింది ఒక సంఘం పెట్టుకోవడం. దాని పేరు ఆంధ్ర జనసంఘం. ఆ సంఘం పెట్టుకున్న పనులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గ్రంథాలయాలు పెట్టడం, బడులు పెట్టడం, తాళపత్రాలు, శాసనాలు సేకరించడం. కోపంతో ఉన్న మనుషులు చేతికి రాళ్ళు తీసుకోకుండా రాతలు తీసుకున్నారు.

అప్పట్లో సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు దానికోసమే ఉండేది. అట్లాంటి రోజుల్లో, ఎనిమిదేండ్లకు పైగా పనిచేసిన తర్వాత, 1930 మార్చిలో మన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు. 1926 నుంచి ‘గోలకొండ పత్రిక’ నడుపుతున్న ఆ మనిషికే తర్వాత ఇంకో అవమానం ఎదురైంది. తెలంగాణలో కవులు లేరు అని ఎవరో రాశారు. దానికి ఆయన ఇచ్చిన జవాబు 1934లో అచ్చయిన ‘గోలకొండ కవుల సంచిక’. 354 మంది కవుల పద్యాలు అందులో ఉన్నాయి. ఊరూరికీ ఉత్తరాలు రాయించి, వచ్చినవి తెప్పించి, సరిచూసి, అచ్చు వేయాలి. తిట్టుకు తిట్టు రాస్తే ఒక సాయంత్రంలో అయిపోయేది. ఈ పని అట్లా అయ్యేది కాదు. 1921లో ఒక రాత్రి మరిగిన రక్తం 1934 దాకా వేడి తగ్గకుండా ఎట్లా ఉన్నదంటే, వాళ్ళు దాన్ని పనిలో పోసి పెట్టుకున్నారు.

పోసి పెట్టుకోవడం అన్నాను కనుక, నా వృత్తికి దగ్గరి మాట ఒకటి చెప్తాను. ‘ఆశయం’. సంస్కృతంలో దానికి ఉండే చోటు, నిలిచే పాత్ర అని అర్థం. గర్భాశయం, మూత్రాశయం, జలాశయం అన్నింట్లో ఉన్నది ఇదే ఆశయం. మనసులో నిలిచి ఉండేది కాబట్టి ఉద్దేశానికీ అదే పేరు వచ్చింది. మన పక్కనే నిజాంసాగర్ ఉంది. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. దాన్ని కట్టిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టిన జులై 11ను ఇవాళ మనం తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వానాకాలంలో మంజీర ఎట్లా పొంగుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. ఆ పొంగు ఆవేశం. అది చేలను ముంచనూ గలదు, ఎండాకాలం వచ్చేసరికి ఆనవాలు లేకుండా పోనూ గలదు. ఆనకట్ట వెనుక నిలిచినప్పుడే అది ఆశయం, తూము గుండా లెక్క ప్రకారం పోయినప్పుడే పంట.

కానీ ఇంజనీరుగా రెండు చేదు సంగతులు కూడా చెప్పాలి. మొదటిది, ఆ జలాశయం కింద ఊళ్ళు మునిగాయి. ఆశయం గొప్పదే, లక్షల ఎకరాలు తడిపింది. అయినా దాని వెల కట్టిన వాళ్ళలో ఆ ఊళ్ళ మనుషులున్నారు, వాళ్ళను ముందుగా అడిగి కట్టించుకున్న వెల కాదు అది. ఆదర్శం ఉన్న మనిషికి ఉండే పెద్ద ప్రమాదం ఇదే. తన మెడ కాడి కింద పెట్టినంత సులువుగా పక్కవాడి మెడ కూడా పెట్టేస్తాడు. అడగకుండా పెడితే, ఎంత మంచి పని అయినా, దాన్ని పూనిక అనడానికి నోరు రాదు. రెండోది పూడిక. కట్టినప్పుడు నిజాంసాగర్ సామర్థ్యం దాదాపు 29.7 టీఎంసీలు. ఇప్పుడు దాదాపు 17.8 టీఎంసీలు. ఏటా కొంచెం కొంచెం మట్టి దిగింది. బయటినుంచి చూస్తే నీళ్ళు అంచుదాకా ఉన్నట్టే కనబడతాయి, లోపల లోతు లేదు. మాటలు కూడా అంతే. ‘త్యాగం’, ‘సేవ’, ‘అంకితభావం’, వీటిని మనం ప్రతి ఫ్లెక్సీ మీదా, ప్రతి సభలోనూ వాడి వాడి మట్టితో నింపాం. అంచుదాకా ఉన్నట్టే వినబడతాయి.

ఇంకొక్క మాట, పిల్లల కోసం. ‘ఉత్సాహం’ అంటే ఎగరడం, గంతులేయడం అనుకుంటాం. అందులో ఉన్న ధాతువు ‘సహ్’, ‘సహనం’లో ఉన్నదే. ఓర్చుకోగల శక్తి ఉన్నవాడికే ఉత్సాహం ఉన్నట్టు. ఓర్పు లేని ఉత్సాహాన్ని మా అమ్మ ‘ఉడుకు’ అనేది. పాలు ఉడుకుతాయి, పొయ్యిలో పోతాయి.

ఇక ఇవాళ్టి సంగతి. ఈ సభలో కూర్చున్న వాళ్ళలో ఒక టీచరమ్మ ఉన్నారు. పేరు చెప్తే ఆమెకు నచ్చదు. బడి గంట కొట్టిన తర్వాత కూడా ఆమె రోజూ గంటన్నర ఉండి పదో తరగతి ఆడపిల్లలకు సైన్సు చెప్తున్నారు. ఆఖరి బస్సు పోతే ఆటో కోసం రోడ్డు మీద నిలబడతారు. నిన్న సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతుంటే ఆమె గురించి మాటలు వినబడ్డాయి. “కొత్త మోజు, ఒక ఏడాది చూడు.” “ఇంకా పెండ్లి కాలేదు గద, టైమ్ ఉంటది.” “ట్రాన్స్‌ఫర్ కోసం పేరు సంపాదిస్తున్నది.” మంచివాళ్ళే అన్నారు, చెడ్డ ఉద్దేశంతో కూడా అనలేదు. నలభై ఏండ్ల కింద రచ్చబండ దగ్గర విన్న మాటలే కొత్త చొక్కా వేసుకుని వచ్చాయి. ఇంకో పాతికేండ్ల తర్వాత మనమో మన పిల్లలో ఈమెను ఇదే వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి ‘ఆదర్శ ఉపాధ్యాయిని’ అంటామని నాకు నమ్మకం ఉంది. అప్పటిదాకా ఆమె ఇక్కడ ఉంటుందా అన్నదే నా దిగులు. ఎందుకంటే మనిషి శాలువా కోసం ఉండదు, పక్కన ఒక్క మనిషైనా కాడి పట్టుకుంటే ఉంటుంది. ఆఖరి బస్సు పోయిన తర్వాత ఆమె ఇల్లు చేరడం ఎవరి ఖర్చు? ఆ పిల్లలకు సాయంత్రం తినడానికి ఏదైనా కావాలంటే ఆ ఖర్చు ఎవరిది? ఇంతవరకు ఆమెది.

అందుకని సంఘానికి నా మనవి చిన్నది. ‘ఆదర్శం’ అనే మాటను ఒక మూడేండ్లు పక్కన పెడదాం. నిషేధం కాదు, పూడిక తీసేదాకా విశ్రాంతి అనుకోండి. దాని బదులు ఒక రిజిస్టరు పెడదాం. దాని పేరు ‘పూనిక’. అందులో నాలుగే గడులు. ఎవరు, ఏ పని, ఎంత, ఎప్పటిదాకా. లక్షలు అవసరం లేదు. సాయంత్రం క్లాసు పిల్లలకు అటుకులో, శనగలో నెలకు ఒక బ్యాచి. ఇంటికి చేర్చడానికి మాట్లాడి పెట్టిన ఒక ఆటో. ఆదివారం గ్రంథాలయం గది తాళం తీసి రెండు గంటలు కూర్చునే ఒక పెద్దమనిషి. రాసిన పేరు పక్కన ఆరు నెలలకు ఒకసారి టిక్కో, కొట్టివేతో పెట్టాలి. ఎవరైనా ఆపేస్తే తిట్టనక్కర లేదు, ఇంకొకరి పేరు రాస్తే చాలు. మొదటి గడిలో నా పేరు, ఆటో ఖర్చు, మూడేండ్లు అని రాసి ఇప్పుడే కార్యదర్శి గారి చేతికి ఇస్తున్నాను. నేను అనకుండా ఉంటే ఇది కూడా గిరీశం ఉపన్యాసమే అవుతుంది.

సంఘం వాళ్ళకు ఇంకో విన్నపం. ఈ సంచికలో ఉపాధ్యాయుల పేర్లు అచ్చు వేస్తున్నప్పుడు, వీలైన చోటల్లా వాళ్ళ ఇంట్లో వాళ్ళ పేర్లు కూడా అడిగి వేయండి. రొట్టెలు చేసిన చేతులకు మన దగ్గర ఇంతవరకు మాట లేదు. కనీసం పేరన్నా ఉండనీ.

పిల్లలూ, మీలో ఎవరికైనా ఎప్పుడైనా ఒక పని మీద మనసు పడి, దాని గురించే మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు పిచ్చి అంటే కంగారు పడకండి. ఆ మాటకు మన సరిహద్దు అవతల మర్యాద ఉంది. ఆదర్శం అని పొగిడితే మాత్రం కొంచెం ఆగి, ఈ పనికి వెల నేనే కడుతున్నానా, ఇంట్లో ఇంకెవరైనా కడుతున్నారా అని చూసుకోండి. మాటలు లోకం పెడుతుంది, పని మీది.

ఇంత ఎండలో ఇంతసేపు ఓపికగా విన్నారు. ఉత్సాహం అంటే ఇదే.